కొత్త ఫోన్ మంచిదా కాదా: డబ్బా మీది అంకెల వెనక ఉండే షరతులు

తిరుపతి గాంధీ రోడ్డులోనైనా, చిత్తూరు బజారులోనైనా సెల్ షాపులో కాసేపు నిలబడితే ఈ మాట వినబడుతుంది: "ఇరవై వేల లోపల ఏది బాగుంటాది నా?" షాపతను రెండు డబ్బాలు ముందు పెడతాడు. ఒకదాని మీద 200 మెగాపిక్సెల్ అని, ఇంకోదాని మీద 7000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు. ఇంటికొచ్చి యూట్యూబ్ చూస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఒకే ఫోన్‌ని ఒకాయన ఆకాశానికెత్తుతాడు, ఇంకొకాయన దాని జోలికే పోవద్దంటాడు.

ఈ గందరగోళానికి ఇప్పుడు ధర కూడా తోడైంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి కావలసిన ఖరీదైన మెమరీ వైపు తయారీ కంపెనీలు మొగ్గడంతో ఫోన్లకి వచ్చే మెమరీకి కొరత ఏర్పడింది. అంతకుముందు ఒక ధరకి దొరికిన ర్యామ్, స్టోరేజ్ ఆ ధరకే ఇవ్వడం ఫోన్ కంపెనీలకి కష్టమైంది. ధర పెంచాలి, లేదా పైకి కనబడని చోట కోత పెట్టాలి. ఆ కోత ఎక్కడ పడిందో పట్టుకోవాలంటే డబ్బా మీది అంకెలు ఎలా వస్తాయో తెలియాలి.

ఆ అంకెల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. దాదాపు ప్రతి అంకె నిజమే, కాకపోతే ఏదో ఒక షరతు మీద నిజం. ఆ షరతు మన వాడకంలో కుదిరితే అది ఆ ఫోన్‌కి బలం. కుదరకపోతే డబ్బిచ్చి కొన్నా అది మన చేతికి రాదు. రివ్యూలు ఒకదానికొకటి పొసగకపోవడానికి సగం కారణం ఇదే. ఇద్దరూ వేరు వేరు షరతుల్లో వాడి చూసి ఉంటారు.

50 మెగాపిక్సెళ్లు ఫొటోలో 12 ఎందుకవుతాయి

మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 50 మెగాపిక్సెల్ కెమెరాలో 5 కోట్ల చుక్కలుంటాయి. కానీ ఆ ఫోన్‌తో మామూలుగా తీసిన ఫొటో వివరాలు తెరిచి చూస్తే దాదాపు 12 మెగాపిక్సెళ్లే కనబడతాయి. పక్కపక్కనున్న నాలుగు చుక్కల వెలుతురుని కెమెరా ఒక్కటిగా కలిపేస్తుంది కాబట్టి 50ని 4తో భాగిస్తే 12.5. 200 మెగాపిక్సెల్ కెమెరా పదహారు చుక్కల్ని కలుపుతుంది, అక్కడా వచ్చేది 12.5 చుట్టుపక్కలే. దీన్ని పిక్సెల్ బిన్నింగ్ అంటారు. ఇది మోసం కాదు. చిన్న చుక్క ఒక్కటే అయితే తక్కువ వెలుతురులో బొమ్మ మచ్చలుగా వస్తుంది, నాలుగు కలిస్తే శుభ్రంగా వస్తుంది.

పూర్తి 200 మెగాపిక్సెళ్లు పనికొచ్చేది మంచి పగటి వెలుతురులో, ఫోన్ కదలకుండా, ఆ మోడ్ విడిగా ఎంచుకుని తీసినప్పుడు. ఆ అంకెకున్న షరతు అది. రాత్రిపూట పెళ్లి మండపంలో ఫొటో ఎలా వస్తుందో తేల్చేవి వేరే ఉన్నాయి. ఒకటి సెన్సర్ పరిమాణం. 1/1.56 అంగుళం, 1/2.76 అంగుళం అని రాస్తారే, అందులో కింద అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది. రెండోది ఓఐఎస్, అంటే చెయ్యి వణికినా లెన్సునో సెన్సర్‌నో కొద్దిగా కదిలించి బొమ్మ చెదరకుండా చూసే ఏర్పాటు. వెనక మూడు కెమెరాలున్నాయని చెప్పే చవక ఫోన్లలో మూడోది తరచుగా 2 మెగాపిక్సెల్ మాక్రోనో (బాగా దగ్గర నుంచి తీసేది) డెప్త్ సెన్సరో (దూరం అంచనా వేసేది) అయ్యుంటుంది. నా దృష్టిలో అది లెక్క పెంచడానికి పెట్టింది.

80 వాట్ల ఛార్జర్ పావుగంటలో ఎందుకు నింపదు

ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత. దాన్ని వోల్టేజితో గుణిస్తే అసలు శక్తి వస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 3.87 వోల్టుల దగ్గర పనిచేస్తుందనుకుంటే, 5 గుణించు 3.87, అంటే 19.35 వాట్ అవర్లు. 80 వాట్ల ఛార్జర్ ఆపకుండా 80 వాట్లు ఇస్తే ఇది పావుగంట కన్నా ముందే నిండాలి. నిజానికి అంతకు రెండు మూడు రెట్ల సమయం పడుతుంది.

80 వాట్లనేది గరిష్ఠం. బ్యాటరీ బాగా తగ్గి ఉండి, చల్లగా ఉన్నప్పుడు కొద్ది నిమిషాలే అంత అందుతుంది. ఖాళీ బస్సు ఎక్కిన మొదటివాళ్లకి సీటు వెంటనే దొరుకుతుంది, చివర్లో ఎక్కినవాళ్లు వెతుక్కోవాలి. బ్యాటరీలో ఛార్జ్ మోసే లిథియం అయాన్ల సంగతీ అంతే. సగం దాటాక వేగం తగ్గించకపోతే బ్యాటరీ దెబ్బతింటుంది కాబట్టి ఫోనే తగ్గించుకుంటుంది. అందుకే కంపెనీ ప్రకటనలో "20 నిమిషాల్లో 50 శాతం" లాంటి మాటే ఎక్కువగా ఉంటుంది.

వేగంగా ఛార్జ్ చేస్తే బ్యాటరీ త్వరగా పోతుందా? ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటికీ ఆధారముంది. వేగం కాదు, వేడి అసలు శత్రువు అనేది మొదటి వాదన. చాలా ఫోన్లలో బ్యాటరీని రెండు సెల్స్‌గా విడదీసి కరెంటుని పంచుతారు, వేడి ఎక్కువ భాగం గోడకి పెట్టే ఛార్జర్లోనే ఉండిపోయేలా చూస్తారు. రెండో వాదన ప్రకారం ఈ జాగ్రత్తలన్నీ చల్లని గదిలో బాగానే పనిచేస్తాయి, చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. మన ప్రాంతానికి రెండోదే ఎక్కువ వర్తిస్తుందని నేననుకుంటాను.

7000 ఎంఏహెచ్ బ్యాటరీ పలచటి ఫోన్‌లో ఇముడుతోందంటే కారణం సిలికాన్ కార్బన్ రకం బ్యాటరీ. పాత బ్యాటరీల్లో ఒకవైపు గ్రాఫైట్ ఉండేది. అందులో కొంత సిలికాన్ కలిపితే అదే చోటులో ఎక్కువ లిథియం పడుతుంది. సిలికాన్‌తో చిక్కు ఏమిటంటే, ఛార్జ్ ఎక్కినప్పుడు అది బాగా ఉబ్బుతుంది, దిగినప్పుడు కుంచించుకుపోతుంది. ఆ ఉబ్బుని కార్బన్ నిర్మాణంతో అదుపు చేస్తారు. ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో కంపెనీలు చెబుతున్నాయి. సైకిల్ అంటే మొత్తంగా నూరు శాతం ఛార్జ్ వాడటం, రెండు రోజులు సగం సగం వాడినా ఒక్క సైకిలే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనలు 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగలాలంటున్నాయి. రోజుకో సైకిల్ లెక్కన అది రెండేళ్ల పైచిలుకు. ఇలాంటి పరీక్షలు జరిగేది మామూలు గది వేడిలో. మే నెలలో మన గది వేడి అది కాదు.

40 డిగ్రీల ఊళ్లో ఫోన్ ఏం చేస్తుంది

రివ్యూల్లో అతి తక్కువ మాట్లాడేదీ, మన జిల్లాల్లో అతి ఎక్కువ తేడా చూపేదీ ఇదే. తన ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడుకోమని ఆపిల్ చెబుతుంది. మిగతా కంపెనీల సూచనలు కూడా ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే రోజులు మామూలు. అంటే ఏడాదిలో చాలా రోజులు మనం ఫోన్‌ని కంపెనీ అనుకున్న హద్దు దాటి వాడుతున్నాం.

రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి తిరుమలకి యాత్రికుల్ని తీసుకెళ్లే ట్యాక్సీ డ్రైవర్‌ని ఊహించుకోండి. ఫోన్ అద్దానికి బిగించి ఉంటుంది, నేరుగా ఎండ పడుతుంది. మ్యాప్స్ నడుస్తుంటాయి, అంటే జీపీఎస్, నెట్, స్క్రీన్ మూడూ ఆగకుండా పనిచేస్తుంటాయి. పైగా ఛార్జింగ్ పెట్టి ఉంటుంది. వేడి పుట్టించేవన్నీ ఒకేసారి. అప్పుడు ఫోన్ తనని తాను కాపాడుకోవడం మొదలుపెడుతుంది. మొదట స్క్రీన్ వెలుతురు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది, ప్రాసెసర్ వేగం తగ్గుతుంది, కొన్ని ఫోన్లలో కెమెరా ఫ్లాష్ కూడా పనిచేయదు. 80 వాట్ల ఛార్జింగ్, వేగమైన ప్రాసెసర్, తళతళలాడే స్క్రీన్ అని డబ్బు పెట్టి కొన్న మూడు బలాలూ ఒకేసారి ముడుచుకుంటాయి. ఫోన్‌లో లోపమేమీ లేదు. అది చేయాల్సిన పనే చేస్తోంది.

స్క్రీన్ వెలుతురుని నిట్స్‌లో కొలుస్తారు. 4500 నిట్స్ పీక్ బ్రైట్‌నెస్ అని రాస్తే, అది స్క్రీన్‌లో ఒక చిన్న భాగం, హెచ్‌డీఆర్ వీడియోలో, కొద్ది క్షణాలు అందుకునే వెలుతురు. ఎండలో మెసేజ్ చదవడానికి పనికొచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె, అది మొత్తం స్క్రీన్‌కి వర్తిస్తుంది, పీక్ కన్నా బాగా తక్కువ ఉంటుంది. స్పెసిఫికేషన్ల జాబితాలో రెండూ ఉంటాయి, ప్రకటనలో మొదటిదే. ఆ రెండో అంకె కూడా ఫోన్ వేడెక్కేదాకే. కాబట్టి మన ఎండకి అసలు ప్రశ్న ఎన్ని నిట్స్ అని కాదు, ఎంతసేపు అని. పదిహేను ఇరవై నిమిషాలు బయట ఎండలో వాడి చూపించిన రివ్యూ దొరికితే, నా లెక్కలో అది ఏసీ గదిలో తీసిన పది రివ్యూల పెట్టు.

స్కోర్లు, ర్యామ్

బెంచ్‌మార్క్ అంటే ఫోన్‌కి ఒకే రకమైన లెక్కలు ఇచ్చి ఎంత వేగంగా చేసిందో మార్కులు వేసే యాప్. పోల్చడానికి ఇది న్యాయమైన పద్ధతి అని కొందరు, రోజువారీ వాడకానికి దానికి సంబంధం లేదని కొందరు అంటారు. రెండోవాళ్ల అనుమానానికి కారణం లేకపోలేదు. 2022 మార్చిలో గీక్‌బెంచ్ సంస్థ కొన్ని శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ మోడళ్లని తన జాబితా నుంచి తీసేసింది. వాటిలోని ఒక సర్వీస్ చాలా యాప్‌ల వేగాన్ని తగ్గిస్తూ, బెంచ్‌మార్క్ యాప్‌లని మాత్రం వదిలేస్తోందని తేలడమే అందుకు కారణం. అలాగని స్కోరు వృథా కాదు. ఒక్కసారి వచ్చిన స్కోరు కన్నా వరసగా అరగంట పరీక్ష పెట్టినప్పుడు చివర్లో ఎంత మిగిలిందనేది ఎక్కువ చెబుతుంది.

8 జీబీ ప్లస్ 8 జీబీ అని రాసిన చోట రెండో 8 అసలు ర్యామ్ కాదు, స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజ్ వేగం ర్యామ్ వేగానికి దరిదాపుల్లో ఉండదు. మెమరీ ధర పెరిగిన ఈ రోజుల్లో ఈ కూడిక చిహ్నం మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది. స్టోరేజ్ రకం కూడా అంతే. ఈఎంఎంసీ అనే పాత రకం అయితే యాప్‌లు తెరుచుకోవడం నెమ్మది, యూఎఫ్‌ఎస్ అయితే చురుకు. 128 జీబీ అన్న అంకె రెండింటికీ ఒకటే, అనుభవం ఒకటి కాదు.

నీళ్లలో ముంచొచ్చు అన్న మాటకి హద్దు

దుమ్ముని, నీళ్లని ఫోన్ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ ఐపీ68. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. రెండో అంకె 7 అంటే ఒక మీటరు లోతులో అరగంట, 8 అంటే అంతకన్నా కఠినంగా, కంపెనీ చెప్పిన లోతులో. 9 అంటే వేడి నీళ్లని గట్టి ఒత్తిడితో చిమ్మినా తట్టుకోవడం. పరీక్ష మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద జరుగుతుంది. సబ్బు నీళ్లు, సముద్రపు నీళ్లు లెక్కలోకి రావు. ఫోన్ కింద పడ్డా, ఒకసారి విప్పి రిపేరు చేసినా లోపలి సీలు మునుపటిలా ఉంటుందన్న హామీ లేదు. ఇంకో సంగతి, ఐపీ68 ఉన్నా నీళ్లు చేరి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. తలకోన జలపాతం కింద వీడియో తీసేటప్పుడు ఆ రేటింగ్ ధైర్యమిస్తుంది కానీ ఖర్చు పెట్టుకోదు.

5జీ ఉంది, ఏ బ్యాండ్ ఉంది?

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. 5జీ సిగ్నల్ రకరకాల తరంగాల మీద వస్తుంది, వాటినే బ్యాండ్లంటారు. 3300 మెగాహెర్ట్జ్ దగ్గరున్న ఎన్78 వేగంగా ఉంటుంది, కానీ ఎక్కువ దూరం పోదు, గోడలు దాటడానికి ఇబ్బంది పడుతుంది. 700 మెగాహెర్ట్జ్ ఎన్28 వేగంలో వెనక, దూరంలో ముందు. 2022 వేలంలో 700 బ్యాండ్‌ని కొన్నది జియో ఒక్కటే. పల్లెలో, కొండ వాలులో ఉండే జియో వాడకందారుకి ఫోన్‌లో ఎన్28 ఉండటం నిజమైన బలం. ఊరి మధ్యలో ఉన్నవాళ్లకి అది పెద్దగా తెలియకపోవచ్చు. మన మార్కెట్ కోసం చేసిన ఫోన్లలో ఇక్కడి బ్యాండ్లు సాధారణంగా ఉంటాయి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిన ఫోన్‌లోనే తేడా రావచ్చు.

రేడియేషన్ గురించి అడిగేవాళ్లూ ఉంటారు. శరీరం ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత పేరు సార్. మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి దాని హద్దు కిలోకి 1.6 వాట్లు, *#07# నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనబడుతుంది. హద్దు లోపలున్న రెండు ఫోన్లలో అంకె తక్కువున్నదే ఎక్కువ సురక్షితం అనడానికి మాత్రం లేదు. ఆ అంకె గరిష్ఠ శక్తి దగ్గర కొలిచింది, రోజువారీగా ఫోన్ అంత శక్తి వాడటం అరుదు.

అప్‌డేట్ ఏళ్లు ఎప్పటి నుంచి లెక్క

అప్‌డేట్లు రెండు రకాలు. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రావడం ఒకటి, దొంగలు దూరే సందులు పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు రెండోది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో ఏడేళ్ల హామీ ఇచ్చింది, శామ్‌సంగ్ 2024లో ఎస్24తో అదే బాట పట్టి, అదే ఏడాది ఏ16 5జీ లాంటి తక్కువ ధర ఫోన్‌కి కూడా ఆరేళ్లు ప్రకటించింది. చాలా చవక ఫోన్లకి ఇంతకన్నా బాగా తక్కువ.

షరతేమిటంటే ఆ ఏళ్లు సాధారణంగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి నడుస్తాయి, మనం కొన్న నాటి నుంచి కాదు. నాలుగేళ్ల హామీతో 2024 జనవరిలో వచ్చిన మోడల్ 2026 జనవరిలో భారీ డిస్కౌంట్‌లో దొరికితే మిగిలింది రెండేళ్లు. ధర తగ్గిందంటే ఆయుష్షు కూడా తగ్గిందని అర్థం.

ఇదంతా అనవసరమని, ప్యాచ్ రాకపోయినా ఫోన్ పనిచేస్తూనే ఉంటుందని వాదించేవాళ్లున్నారు. అందులో నిజముంది. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ వరసగా కొత్త వెర్షన్లు ఎక్కించుకుంటే బరువెక్కి నెమ్మదిస్తుంది కూడా. అయినా జీతం, పొదుపు, యూపీఐ అన్నీ ఒక్క ఫోన్‌లోనే ఉన్న కాలంలో సెక్యూరిటీ ప్యాచ్‌ని నేను తేలిగ్గా తీసుకోలేను. డబ్బు లెక్కలో చూద్దాం. 15,000 ఫోన్‌ని మూడేళ్లు వాడితే ఏడాదికి 5,000. 21,000 ఫోన్‌ని మధ్యలో 2,500 పెట్టి బ్యాటరీ మార్చి ఐదేళ్లు వాడితే మొత్తం 23,500, ఏడాదికి 4,700. ఖరీదైనదే చవక అయింది. అదే ఫోన్ స్క్రీన్ రెండో ఏట పగిలి 6,000 అయితే ఏడాదికి 5,900, లెక్క తిరగబడింది. అందుకే సర్వీస్ సెంటర్ తిరుపతిలో ఉందా, చెన్నైకో బెంగళూరుకో పంపాలా, స్క్రీన్ ధరెంత అన్నవి కూడా ఫోన్ గుణాలే.

కొత్త ఫోన్ మీద రివ్యూ చెప్పలేనిది

లాంచ్ రోజున వచ్చే రివ్యూ ఒకటి రెండు వారాల వాడకం మీద రాసింది. స్క్రీన్ చేతికి నున్నగా తగలడం, ఫొటో రంగులు, స్పీకర్ శబ్దం అందులో బాగా తెలుస్తాయి. ఏడాది తర్వాత బ్యాటరీ ఏమవుతుందో తెలియదు. అమోలెడ్ స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడే సమస్య కొన్ని మోడళ్లలో కొన్న చాలాకాలానికి బయటపడింది, కొన్ని కంపెనీలు ఆ స్క్రీన్లని ఉచితంగా మార్చాయి కూడా. ఏ రివ్యూయర్ ఎంత నిజాయితీపరుడైనా దాన్ని మొదటి వారంలో చూడలేడు. డబ్బు తీసుకునో, వస్తువు ఉచితంగా తీసుకునో ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో కింద "పెయిడ్", "పార్ట్‌నర్‌షిప్" లాంటి మాట ఉంటే చూసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.

మన దగ్గర ఇంకో చర్చ ఉంది. 2015 నుంచి శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో షావోమీ ఫోన్లు తయారయ్యాయి, అప్పటికి అది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఇక్కడ బిగించినది గట్టిది కాదని కొందరు, మనవాళ్లు చేసింది కాబట్టి మంచిదని కొందరు అంటారు. చిప్పులు, డిస్‌ప్లేల్లాంటి ముఖ్యమైన భాగాలు ఎక్కువగా బయటి నుంచే వస్తాయి, ఒకే మోడల్‌కి నాణ్యత పరీక్షలు ఎక్కడైనా కంపెనీ పెట్టినవే. ఆ ప్లాంటు వల్ల మన పిల్లలకి ఉద్యోగాలొచ్చాయన్నది గొప్ప విషయం. ఫోన్ బలాబలాలు తూచేటప్పుడు మాత్రం అది ఏ పళ్లెంలోకీ రాదు.

ఒకే ఫోన్, ఇద్దరి తూకం

ఒక ఫోన్ అనుకుందాం. 24,000 ధర, 200 మెగాపిక్సెల్ కెమెరా, అంచులు వంగిన అందమైన స్క్రీన్, 5000 ఎంఏహెచ్, 80 వాట్లు, నాలుగేళ్ల ప్యాచ్‌లు, ఎన్28 లేదు.

బంగారుపాళెం మార్కెట్ యార్డుకి తోతాపురి కాయలు తోలే రైతుకి ఇది ఎలా కనబడుతుంది? సీజన్ పడేది ఎండల చివర్లో. యార్డులో గంటలు గంటలు ఎండలో నిలబడి ఫోన్ మాట్లాడాలి, తూకం చీటీ ఫొటో తీసి పంపాలి. చీటీ ఫొటోకి 12 మెగాపిక్సెళ్లు కూడా ఎక్కువే. తోటలో జియో 5జీ సిగ్నల్ అందాలంటే ఎన్28 కావాలి, అది లేదు. వంగిన స్క్రీన్ ట్రాక్టర్ మీంచి పడితే మార్చే ఖర్చు ఎక్కువ. ఆయనకి 16,000 లో 7000 ఎంఏహెచ్, ఎన్28, సమతలమైన స్క్రీన్ ఉన్న ఫోన్ దీనికన్నా మేలైనది, చవక కాబట్టి సర్దుకోవడం కాదు.

ఎస్వీ యూనివర్సిటీలో చదువుతూ రీల్స్ చేసే అమ్మాయికి తూకం వేరు. హాస్టల్లో ఛార్జింగ్ ఉంది, ఊరి మధ్యలో నెట్‌వర్క్ ఉంది, పగటి వెలుతురులో దూరం నుంచి తీసిన దృశ్యాన్ని కత్తిరించుకోవడానికి 200 మెగాపిక్సెళ్లు నిజంగా పనికొస్తాయి. ఆమెకి అడ్డుపడేది ధర. షాపులో "నో కాస్ట్ ఈఎంఐ, నెలకి 4,000, ఆరు నెలలు" అంటారు. బ్యాంకు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది, అంత మొత్తాన్ని కంపెనీ ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తుంది, పద్ధతి అది. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ 15 శాతం అనుకుంటే ఆరు నెలలకి సుమారు 1,016 రూపాయలు డిస్కౌంట్‌తో సరిపోతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 183, ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ 36. మొత్తం 418 చేతి నుంచి పడుతుంది, ఒకేసారి కట్టేవాళ్లకి ఇచ్చే తగ్గింపు ఉంటే అదీ పోతుంది.

అంత పెట్టలేకపోతే ఆమె చూసే ఇంకో దారి, రెండేళ్ల కిందటి ఖరీదైన మోడల్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనడం. కెమెరా దీనికి సమానంగా ఉండొచ్చు, ఏడేళ్ల హామీ ఉన్న మోడలైతే ప్యాచ్‌లు ఇంకా ఐదేళ్లు మిగిలి ఉంటాయి. అరిగిన బ్యాటరీ, సీలు మీద అనుమానం అటు పక్క. దొంగ ఫోనేమో అన్న భయం తీరడానికి కేంద్ర టెలికాం శాఖ పెట్టిన సంచార్ సాథీ ఏర్పాటు ఉంది. *#06# నొక్కితే వచ్చే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ని కేవైఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల తర్వాత టైప్ చేసి 14422కి మెసేజ్ పంపితే, ఆ నంబర్ బ్లాక్ అయి ఉందా, ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది జవాబుగా వస్తుంది. ఆ జవాబులోని మోడల్, చేతిలోని ఫోన్ ఒకటి కాకపోతే బేరం అక్కడితో ఆగిపోతుంది.